బొబ్బిలిలో పులి ఎవరిది?

బొబ్బిలి అనగానే తెలుగువాడికి సినిమా గుర్తొస్తుంది. 1964లో ఎన్.టి. రామారావు, భానుమతి, ఎస్.వి. రంగారావు నటించిన 'బొబ్బిలి యుద్ధం'. 1986లో కృష్ణంరాజు 'తాండ్ర పాపారాయుడు'. 1757 జనవరి 24న ఏం జరిగిందో ఏ చరిత్ర పుస్తకమూ తెరవకుండానే మనకు తెలుసు. ఫిరంగులు, కాలుతున్న కోట, ప్రాణాలు విడిచిన ఆడవాళ్లు, శత్రువు గుడారంలోకి దూరి పగ తీర్చుకున్న పాపారాయుడు. మరి ఆ కథలో మేం ఎక్కడున్నాం? ఫ్రెంచి సేనాని బుస్సీ పక్కన, చెవిలో గుసగుసలాడే దివాను హైదర్ జంగ్ వేషంలో ఉన్నాం.

తెరమీద ఒక ముస్లిం దుర్మార్గుడు ఉన్నాడని ఏడవటానికి ఇది రాయటం లేదు. దుర్మార్గులు అన్ని మతాల్లోనూ ఉన్నారు. మా ప్రశ్న వేరు. ఉన్నవాళ్లందరిలో ఆ ఒక్కడే ఎందుకు తెరకెక్కాడు?

ఈ ప్రశ్న అడగటం సినిమాను పరిశోధించేవాళ్ల దగ్గర నేర్చుకోవాలి. సినిమా చరిత్ర అంటే వంద రోజుల లెక్కలూ, హీరోల బిరుదులూ కాదు. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న వచ్చిందని దశాబ్దాల పాటు పండగ చేసుకున్నాం. రెంటాల జయదేవ ఆనాటి పత్రికలు, సెన్సారు వివరాలు తిరగేసి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని చూపించారు. అందరికీ తెలిసిందే కదా అన్నచోటే అనుమానించాలన్నది అందులోని మొదటి పాఠం. ఎస్.వి. శ్రీనివాస్ చిరంజీవి మీద, ఎన్టీఆర్ మీద రాసిన పుస్తకాల్లో తెరమీద కథతో ఆగలేదు. తెర ముందు కూచున్న జనం, అభిమాన సంఘాలు, కులం, తెలుగు జాతి పేరుతో నడిచిన రాజకీయం, అన్నిటినీ కలిపి చదివారు. సినిమా అద్దం కాదు, జనాన్ని ఒక 'మనం'గా తయారుచేసే పనిముట్టు అన్నది రెండో పాఠం. ఆ 'మనం'లో ఎవరు చేరారు, ఎవరు మిగిలిపోయారు అన్నది మేం చేర్చుకునే మూడో పాఠం.

ఈ మూడు పాఠాలతో బొబ్బిలిని చదువుదాం. భోగాపురం దగ్గర జాతీయ రహదారి మీద నిలబడితే వాయవ్యాన విజయనగరం, దానికి పైన బొబ్బిలి, ఈశాన్యాన శ్రీకాకుళం. ఈ మూడు ఊళ్ల మధ్యే కథంతా. సినిమా మొదటి రెండు ఊళ్లనే చూస్తుంది. మూడో ఊరిని వదిలేస్తే మిగతా రెండూ అర్థం కావు.

17వ శతాబ్దంలో గోలకొండ తరఫున శ్రీకాకుళానికి ఫౌజుదారుగా వచ్చినవాడు షేర్ మహమ్మద్ ఖాన్. ఆ ఊళ్లో జామియా మసీదు కట్టించింది ఆయనే. ఆయన వెంట వచ్చినవాళ్లలో ఇద్దరు ఈ ప్రాంతంలో నిలదొక్కుకున్నారని స్థానిక చరిత్రలు చెబుతాయి. ఒకరు వెంకటగిరి వెలమ వంశానికి చెందిన పెద్దరాయుడు, రెండోవారు పూసపాటి మాధవవర్మ. ఒకరిది బొబ్బిలి, ఇంకొకరిది విజయనగరం. కోట కట్టుకున్న పెద్దరాయుడు తనకు అండగా నిలిచిన ఫౌజుదారు పేరు మీద ఆ ఊరికి పెద్దపులి అని పేరు పెట్టాడనీ, బెబ్బులే బొబ్బిలి అయిందనీ జిల్లా గెజిటీరులో కూడా ఉన్న ఐతిహ్యం. షేర్ అంటే పులి. అంటే తెలుగు పౌరుషానికి మారుపేరైన బొబ్బిలి పులి గర్జనలో ఒక సాయిబు పేరు ఉంది! ఆ ఐతిహ్యం నిజమా కాదా అన్నది అలా ఉంచండి. ఒకనాటి బొబ్బిలివాళ్లకు అలా చెప్పుకోవటం అవమానంగా తోచలేదు. అది చాలు మాకు.

1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లను ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. ఎదురు తిరిగినవాడెవరు? శ్రీకాకుళం ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్. విజయనగరం రాజు మొదట ఆయన పక్షానే ఉండి, ఫ్రెంచివాళ్లు గుత్తా ఆశ చూపగానే అటు మారాడు. జాఫర్ అలీ మరాఠాలను పిలిచాడు, వాళ్లు ఊళ్లు దోచారు. ఆయన్ని దేశభక్తుడనక్కర్లేదు. అప్పటికి దేశమన్న మాటే వేరు. కానీ ఫ్రెంచివాళ్లతో పోరాడిన ముస్లిం, వాళ్ల దగ్గర కొలువు చేసిన ముస్లిం ఇద్దరూ ఆ నాలుగేళ్లలోనే ఉన్నారు. హైదర్ జంగ్‌ని గుర్తుంచుకున్నాం. జాఫర్ అలీని ఎవరు గుర్తుంచుకున్నారు?

యుద్ధం వెనక ఉన్నది విజయనగరం, బొబ్బిలి జమీందార్ల పాత పగ. రెండు కులాల ప్రతిష్ఠ. ఫిరంగులు బుస్సీవి. బొబ్బిలి యుద్ధాన్ని ఇంగ్లీషు కంపెనీ చరిత్రకారుడు ఓర్మ్ ఒకలా రాశాడు, దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' ఒకలా చెప్పింది, జంగాల పాట ఒకలా పాడింది. ఎవరి అవసరం వాళ్లది. 1964 నాటి సినిమా అవసరం ఇంకోటి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఎనిమిదేళ్లు. తెలుగువాళ్లంతా ఒకటే అనిపించే వీరుడు కావాలి. అన్నదమ్ముల్లాంటి ఇద్దరు తెలుగు రాజుల మధ్య నిప్పు పెట్టిన పాపాన్ని బయటివాడి మీదికి తోయగలిగితే కథకు సుఖం. తెల్లవాడు ఎలాగూ బయటివాడే. అతని పక్కనున్న దివాను కూడా బయటివాడైపోయాడు. ఆ దివానూ 1758లో ఔరంగాబాదులో నిజాం అలీ మనుషుల చేతిలో హతమయ్యాడు. చంపించినవాడూ ముస్లిమే. మతం కాదు, అధికారం నడిపిన చరిత్ర అది.

ఇంకో సంగతి. 1955 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకు ఆడిన అమ్మాయి వహీదా రెహమాన్. చిన్నతనంలో కొంతకాలం విశాఖపట్నంలో చదువుకున్న పిల్ల. తెలుగు రైతు సంబరానికి ఆమె అడుగులే గుర్తు. ఆ అడుగుల్ని ఎవరూ పరాయివి అనలేదు. అంటే తెర మమ్మల్ని కలుపుకోలేక కాదు. ఆటలో కలుపుకుంది, చరిత్ర చెప్పేటప్పుడు దూరం పెట్టింది.

మాకోసం మంచి సాయిబు పాత్ర ఒకటి అచ్చు పోసి ఇమ్మని మేం అడగటం లేదు. అదీ ఇంకో బొమ్మే అవుతుంది. షేర్ మహమ్మద్ ఖానూ, జాఫర్ అలీ, హైదర్ జంగ్ ముగ్గురూ ఈ నేల చరిత్రలోని మనుషులే. ముగ్గురినీ మనవాళ్లుగానే చూసి, ముగ్గురి తప్పులూ ఒప్పులూ మనవిగానే లెక్కగట్టండి. పులి బొబ్బిలిదే, కాదనం. ఆ పేరులో మా వాటా మాకు దక్కాలి.