ప్రేక్షకాభిప్రాయము - పాఠచరిత్ర : జపానీయ హాస్యధారావాహిక ‘ఒసోమత్సు’

హాస్యకృతుల చరిత్రను వ్రాయబూనిన పరిశోధకునకు తొలుతనే ఒక చిక్కు ఎదురగును. కృతి నిలుచును గాని అది పుట్టించిన నవ్వు నిలువదు. నవ్వినవారెవరు, ఏల నవ్విరి, నవ్వనివారెవరు, వారికి రుచింపనిదేమి అను ప్రశ్నలకు పూర్వకాలపు కృతుల విషయమున లభించు సాక్ష్యము అత్యల్పము. గడచిన అరువదియేండ్లలో టెలివిజనున ప్రదర్శితములైన హాస్యధారావాహికల విషయమున ఈ సాక్ష్యము విస్తారముగా లభించుచున్నది. దానిని ఎట్లు ఉపయోగింపవలయును అనునదే ఇప్పటి ప్రశ్న. ఈ వ్యాసమున జపాను దేశమునకు చెందిన ఒక బొమ్మలచిత్ర ధారావాహికను ఉదాహరణముగా గ్రహించి, ప్రేక్షకాభిప్రాయము కృతికి వెలుపలనుండు తీర్పు మాత్రమే కాదనియు, పెక్కుమారులు అది కృతి పాఠమునే మార్చినదనియు నిరూపింప యత్నింతును.

ఈ ప్రశ్న మన శాస్త్రకారులకు క్రొత్తది కాదు. నాట్యశాస్త్రమునందలి సిద్ధివ్యంజకాధ్యాయమున భరతుడు ప్రయోగసిద్ధికి ప్రేక్షకుల ప్రతిస్పందనమునే గుర్తుగా గ్రహించెను. చిరునవ్వు, సగము నవ్వు, పెద్ద నవ్వు, ‘సాధు’ అను మెచ్చుకోలు, ‘అహో’ అను ఆశ్చర్యము మున్నగునవి వాక్కునకు సంబంధించిన సిద్ధులు. పులకించుట, లేచి నిలుచుట మున్నగునవి శరీరమునకు సంబంధించినవి. వివాదము పుట్టినపుడు నిర్ణయము చేయుటకు ప్రాశ్నికులను గూడ ఆయన విధించెను. అంతేగాక, ప్రేక్షకులందరి అభిరుచి ఒక్కటి కాదనియు, వయస్సును స్వభావమును బట్టి అది మారుననియు చెప్పుచు, బాలురును స్త్రీలును చదువెరుగనివారును హాస్యమున ప్రీతి కలవారని పేర్కొనెను. ఈ చివరి మాటను నేడు యథాతథముగా అంగీకరింప నక్కరలేదు. కాని ప్రేక్షకుడెవరో తెలియక అభిప్రాయమును తూచరాదను సూత్రము మాత్రము నేటికిని శిరోధార్యము.

ఇక కృతి విషయము. అకత్సుక ఫుజియో 1935లో నాటి మంచూరియాలో జన్మించి, యుద్ధానంతరము జపాను చేరి, బొమ్మలకథల రచయితగా ప్రసిద్ధికెక్కి, 2008లో మరణించెను. ఆయన ‘ఒసోమత్సు-కున్’ అను కథను 1962లో ‘షోనెన్ సండే’ అను బాలుర వారపత్రికలో ఆరంభించెను. ఒకే కాన్పున పుట్టి, ఒకే రూపము కలిగిన ఆరుగురు అన్నదమ్ములు ఇందలి పాత్రలు. ఎవరెవరో తల్లిదండ్రులకే తెలియకపోవుట ఇందలి మూలహాస్యము. కథాసంగతి స్వల్పము, వేగము అధికము. ఒక నవ్వు ముగియకముందే మరియొకటి వచ్చి పడును. తలపై జెండా నాటుకొన్న బాలుడు, పెద్ద చెడ్డీతో తిరుగు డెకపాన్ అను వృద్ధుడు, మిక్కిలి పెద్ద నోరుగల దయోన్ అను వింతమనిషి ఇందు సహజముగా సంచరింతురు. వారు అట్లేల ఉన్నారని కథలో ఎవ్వరును అడుగరు. కార్యకారణ సంబంధమును ఇట్లు త్రెంచివేయుటయే ఈ హాస్యమునకు ప్రాణము.

ఈ కథను తొలుత నాలుగు సంచికలకు మాత్రమే ఉద్దేశించిరి. బాలపాఠకుల ఆదరణమే దానిని అనేకసంవత్సరముల రచనగా పెంచెను. 1964 సంవత్సరపు షోగకుకన్ పురస్కారము దీనికి లభించెను. పాఠకాదరణము రెండవ మార్పును గూడ తెచ్చెను. ముందుకు పొడుచుకొని వచ్చిన పండ్లతో, ఫ్రాన్సు దేశపు నాగరికతను గూర్చి గొప్పలు చెప్పుకొను ఇయామి అనువాడు మొదట ఉపపాత్ర. అతడు ఆశ్చర్యపడినపుడు ‘షే’ అని అరచుచు, ఒక కాలు ముడిచి, చేతులు వంకరగా త్రిప్పి నిలుచు భంగిమను దేశమందలి బాలురెల్లరు అనుకరించిరి. 1965లో వెలువడిన ఒక చలనచిత్రమున గాడ్జిల్లా అను మహామృగము చేత గూడ ఈ భంగిమను పట్టించిరి. క్రమముగా ఆరుగురు సోదరులు వెనుకకు తగ్గి, ఇయామి ముందునకు వచ్చెను. కథకుడు నాయకులుగా కల్పించినవారు వేరు. చదువరులు నాయకునిగా వరించినవాడు వేరు.

ఈ కథ టెలివిజనున మొదట 1966-67లో నలుపుతెలుపు చిత్రములుగను, మరల 1988-89లో రంగులతోను ప్రదర్శితమయ్యెను. రెండవ ప్రదర్శనమున ఇయామియే ప్రధానపాత్రమనదగిన స్థానము నందెను. కథ పత్రికలో ఆరంభమైన 1962లోనే, ఏ కార్యక్రమమును ఎందరు చూచుచున్నారో యంత్రములచే లెక్కించు ‘వీడియో రిసెర్చ్’ సంస్థయు టోక్యోలో స్థాపితమయ్యెను. కాని అంకె ఎన్ని ఇండ్లలో పెట్టె తెరచియున్నదో చెప్పును గాని, దాని యెదుట కూర్చున్నవారు నవ్విరో ఆవులించిరో చెప్పదు. ప్రేక్షకచరిత్రకు సంఖ్య అవసరమైన సాక్షియే. కాని అది మూగసాక్షి.

మూడవ ప్రదర్శనముతో ఈ చరిత్ర క్రొత్త మలుపు తిరిగెను. అకత్సుక పుట్టి ఎనుబది యేండ్లు నిండిన 2015లో, అక్టోబరు మాసమున, టీవీ టోక్యో ప్రసారసంస్థ ‘ఒసోమత్సు-సాన్’ అను ధారావాహికను ఆరంభించెను. ఫుజిత యోయిచి దర్శకుడు. మత్సుబర షూ ప్రధాన రచయిత. పియెరో చిత్రశాల నిర్మాత. పేరులోని భేదమును గమనింపవలయును. జపాను భాషలో ‘కున్’ సాధారణముగా బాలుర పేర్లకు చేర్చు మాట. ‘సాన్’ పెద్దలయెడ వాడు గౌరవవాచకము, ఇంచుమించు మన ‘గారు’ వంటిది. సోదరులు ఇప్పుడు యువకులు. కాని ఉద్యోగము లేదు, పెండ్లి లేదు, తల్లిదండ్రుల యింట తిని పరుండుటయే పని. అర్ధరాత్రి దాటిన పిమ్మట వయోజనులకై ప్రసారమగుటచే, హాస్యము పూర్వముకంటె చురుకైనది, కరకైనది. ఒక భాగమున సోదరులు దయోన్ కడుపులోనికి పోయి అచ్చట వేరొక లోకమునే చూతురు. అధివాస్తవికత యని విమర్శకులు పేర్కొను లక్షణము పూర్వముకంటె ఇందు ప్రబలమైనది.

అన్నిటికంటె ముఖ్యమైన మార్పు మరియొకటి. మూలకథలో గుర్తుపట్టరానివారుగా నుండిన ఆరుగురకు ఇందు వేర్వేరు స్వభావములు, వేర్వేరు రంగులు, వేర్వేరు కంఠములు కల్పింపబడినవి. దీని ఫలితముగా ప్రేక్షకుల దృష్టి మారెను. 1960 ప్రాంతపు బాలుడు ఆరుగురను ఒక్కటిగా చూచి నవ్వెను. 2015 నాటి ప్రేక్షకురాలు ఆరుగురలో ఒకరిని తనవానిగా ఎంచుకొనెను. యువతులలో ఈ ధారావాహికకు కలిగిన ఆదరణము విశేషమైనది. దీనిని గూర్చిన వ్యాసములు వెలువడిన ‘అనిమేజ్’ మాసపత్రిక సంచిక చెల్లిపోగా దానిని పునర్ముద్రించిరి. మాసపత్రికలకు పునర్ముద్రణము అరుదైన విషయము. 2016లో ఆ సంవత్సరపు వాడుకమాటల పురస్కారమునకు పరిశీలింపబడిన మాటలలో ఈ ధారావాహిక పేరును చేరెను.

అభిప్రాయము స్వభావచిత్రణముపై ఎట్లు ఆధారపడినదో తెలుపుటకు అయిదవ భాగము మంచి ఉదాహరణము. దాని మొదటి సగమున కరామత్సు అను సోదరుడు బాకీ తీర్చలేదని బంధింపబడగా, మిగిలినవారు పట్టించుకొనరు. రెండవ సగమున మనసులోని మాటను పైకి పలుకు పిల్లి తప్పిపోగా, సోదరులు దానికై ఆరాటపడుదురు. పిల్లికథ అనేకులను కంటతడి పెట్టించెను. కరామత్సుపై జాలిపడి, ఈ క్రూరత నవ్వదగినదా యని అడిగినవారును కలరు. ఆరుగురు ఒక్కరే యైన పాతకథలో ఈ ప్రశ్న పుట్టజాలదు. పాత్రకు వ్యక్తిత్వము వచ్చినచోట ప్రేక్షకునకు కరుణయు పుట్టినది.

ఇక వివాదము. జపానులో ప్రసారముల మంచిచెడ్డలను విచారించుటకై ప్రజాప్రసార సంస్థయగు ఎన్.హెచ్.కె.యు, వాణిజ్య ప్రసారసంస్థల సమాఖ్యయు కలిసి 2003లో ఒక స్వతంత్రసంస్థను నెలకొల్పినవి. ఇది ప్రభుత్వశాఖ కాదు. ప్రేక్షకులనుండి అభిప్రాయములను స్వీకరించి, వాని సారమును ప్రకటించుట దీని పనులలో ఒకటి. భరతుని ప్రాశ్నికులకు నేటి ప్రతిరూపమని దీనిని పోల్చవచ్చును. చిన్నపిల్లలకు ప్రియమైన అన్‌పన్‌మాన్ అను కథానాయకుని ‘ఒసోమత్సు-సాన్’ మూడవ భాగమున డెకపాన్ పాత్రచే వెక్కిరింపుగా అనుకరింపజేసిరి. అది అసభ్యమని కొందరు ప్రేక్షకులు ఈ సంస్థకు తెలిపిరి. గృహప్రదర్శన ముద్రణలో మూడవ భాగము సవరణముతో వెలువడెను.

మొదటి భాగము గతి అంతకంటె విచిత్రము. అందు సోదరులు తాము పాతకాలపు వారమని దిగులుపడి, నాటి ప్రసిద్ధ ధారావాహికల వేషములను ఒక్కొక్కటిగా ధరింతురు. నలుపుతెలుపులో ఆరంభమైన కథ క్షణకాలములో సుందరయువకుల గానసభగా మారును. కొత్తతరమునకు నచ్చుటకై పాతకథ పడు పాట్లే అందలి హాస్యవస్తువు. 2015 నవంబరులో నిర్మాణసంఘము ఈ భాగమును అంతర్జాల ప్రదర్శనమునుండి తొలగించెను. 2016 జనవరిలో వెలువడిన గృహప్రదర్శనపు తొలి సంపుటమున గూడ దానిని చేర్పలేదు. ఆ సంపుటమున ‘మూడున్నరవ’ భాగమను పేర క్రొత్త కథలు చేర్చబడినవి.

ఈ రెండు ఘటనలును ఒకే కాలమున జరుగుటచే, ప్రేక్షకుల ఫిర్యాదులే రెంటికిని కారణమని చెప్పుట సులభము. పరిశోధకుడు అట్లు చెప్పరాదు. మూడవ భాగము విషయమున అసభ్యతను గూర్చిన అభిప్రాయములు కలవు. మొదటి భాగము అన్యకృతుల అనుకరణముతో నిండినది. దాని తొలగింపు నిర్మాణసంఘ నిర్ణయముగా ప్రకటింపబడినది. కాలసామీప్యము కారణత్వమునకు ప్రమాణము కాజాలదు.

అభిప్రాయము కృతిలోనికి ప్రవేశించిన మూడవ విధము 2017లో ఆరంభమైన రెండవ పరంపరలో కానవచ్చును. దాని తొలి భాగమున సోదరులు మొదటి పరంపరకు వచ్చిన ఆదరణముచే ధనికులై, స్థూలకాయులై, సోమరులై కనిపింతురు. ఈసారి మర్యాదగల చక్కని ధారావాహికగా ఉండవలెనని వారిలో ఒకడు పట్టుబట్టును. అనగా పొగడ్తయు ఫిర్యాదును రెండును హాస్యమునకు ముడిసరకులైనవి. ప్రేక్షకుడు విమర్శకుడుగా వచ్చి పాత్రగా మిగిలెను.

ఈ చరిత్రనుండి పరిశోధనపద్ధతికి మూడు విషయములు గ్రహింపవచ్చును. మొదటిది: సాక్ష్యము ఏ మార్గమున వచ్చినదో చూడవలయును. యంత్రపు లెక్క పెట్టెలను లెక్కించును. కొనుగోలు ధనమును వెచ్చింపగల అభిమానులను చూపును. ఫిర్యాదు నొచ్చుకొన్నవారి మాటను వినిపించును. నవ్వి నిద్రకు పోయినవాడు ఉత్తరము వ్రాయడు. కావున ఏ ఒక్కదానిని పట్టుకొని ‘ప్రజాభిప్రాయము’ అనరాదు. రెండవది: అభిప్రాయము చెప్పినవాడు ఏ ప్రదర్శనమును చూచెనో నిర్ణయింపవలయును. 1966 నాటి బాలుని మాటను 2015 నాటి కృతికి అంటగట్టరాదు. మూడవది: ఆతడు చూచిన పాఠమేదో నిర్ణయింపవలయును. మొదటి భాగమును ప్రసారమైన రాత్రి చూచినవానికిని, సంపుటమున మూడున్నరవ భాగమును చూచినవానికిని కృత్యాది ఒక్కటి కాదు.

ఈ చివరి విషయమున తెలుగు పరిశోధకులకు అనుభవము కలదు. పెదపాటి జగ్గన కూర్చిన ప్రబంధరత్నాకరము వంటి సంకలనములలో నిలిచిన పద్యములచే మాత్రమే మనకు తెలిసిన కావ్యములు కలవు. అచ్చట మూలము నశించి, పద్యము మిగిలెను. ఇచ్చట జరుగగల నష్టము వేరు విధమైనది. మూలము మరుగుపడి, దానిపై వెలువడిన పొగడ్తలు, తెగడ్తలు మాత్రము మిగులును. ఏబదియేండ్ల తరువాత ఒక విద్యార్థి ఈ అభిప్రాయములను చదివి, ఇంతమంది నవ్వినదియు కొందరు కోపించినదియు దేనిని చూచియో తెలియక నిలువవలసివచ్చును. తాటియాకునకు చెదలు శత్రువు. ప్రసారకృతికి యజమాని నిర్ణయమును శత్రువు కావచ్చును.

నొచ్చుకొన్న ప్రేక్షకుని మాటకు విలువ లేదని దీని భావము కాదు. పిల్లల ప్రియమిత్రుని అపహాస్యము చేసినపుడు తల్లిదండ్రులు పలుకుట న్యాయమే. ప్రసారకుడు సవరించుకొనుటయు న్యాయమే. కాని సవరించుట వేరు, రూపుమాపుట వేరు. సవరించిన పాఠమును ప్రజలకు, తొలి పాఠమును పరిశోధకులకు అందుబాటున ఉంచు మార్గము అసాధ్యమైనది కాదు. భరతుడు ప్రయోగమున కలుగు ఘాతములను లెక్కించుమనెను గాని, ప్రయోగమునే లేకుండ చేయుమనలేదు. హాస్యమును చిన్నచూపు చూచి, అది భద్రపరుపదగినది కాదని తలచినంతకాలము ఈ నష్టము తప్పదు. నవ్వు నిలువదని వ్యాసాదిని చెప్పియుంటిని. నవ్వు నిలువకపోయినను, నవ్వించినదానిని నిలుపుట మన చేతిలోని పని.