గోదావరి మొగలో సాక్రమెంటో

సముద్రయానమును గూర్చి మాటలాడునపుడు మనవారు శాతవాహనుల నాణెములమీది రెండు స్తంభముల ఓడను సగర్వముగ తలచుకొందురు. బర్మాకు వలసపోయిన తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చినది మన కోరంగి రేవునుండియే. యానాము వాసులకు ఆ రేవు ఇరుగుపొరుగే. ఈ గర్వము తగినదే. కాని ఓడ నడపుట ఎంత విద్యయో, ఎదుట నేమున్నదో అనుక్షణము కనిపెట్టుచుండుటయు అంత విద్యయే. ఇందులకు గోదావరి మొగయే సాక్ష్యము.

సాక్రమెంటో యనునది అమెరికా యుద్ధనౌక. 1862లో జలప్రవేశము చేసినది. ఆవిరి యంత్రమును, తెరచాపలును గలది. ఆ దేశపు అంతర్యుద్ధమున, 1864లో, ఫ్రాన్సునందలి కలే రేవున నున్న శత్రునౌక వెలికి రాకుండ కాపు కాచి పేరువడసినది. అట్టి ఓడయే 1867 జూన్ 19న కాకినాడకు చేరువను, గోదావరి ముఖమందలి మెరకలకు తగిలి నాశమయ్యెను. ఒక్క ప్రాణమును పోకుండుట అదృష్టము. కెప్టెన్ నెపోలియన్ కాలిన్సును మాత్రము 1869 మార్చి వరకు ఉద్యోగమునకు దూరముగ నుంచిరి.

విశాఖపట్టణమున డాల్ఫిన్ నోస్ కొండ నావికునకు దూరమునుండియే కానవచ్చును. గోదావరి లంకలు అట్లు కావు. నేల పల్లము, నీరు మెరక. 100 అడుగుల ఎత్తున స్తంభముపై నిలిచిన కావలివానికి సుమారు 12 సముద్రపు మైళ్ల మేర నీరు కనబడును గాని, ఆ నీటి క్రింది యిసుక కనబడదు. పైగా వరద తెచ్చు ఒండ్రు మెరకలను మార్చుచుండును. పాత పటము చాలదు. సీసపు గుండు కట్టిన త్రాటితో లోతు చూచుట, నీటి రంగు గమనించుట, కెరటములు విరుగు చప్పుడాలించుట, ఇవన్నియు కావలియే.

1972 నాటి అంతర్జాతీయ నియమావళియందలి 5వ నియమము చెప్పునదియు నిదియే. కంటితోను, చెవితోను, లభ్యమైన సమస్త సాధనములతోను ప్రతి నౌకయు ఎల్లవేళల కావలి యుండవలెను. రాడారు వచ్చినను ఆ కన్నును, ఆ చెవియు తొలగిపోలేదు.

ఆ తీరమందలి దీపస్తంభమునకు సాక్రమెంటో పేరే నిలిచినది. మునిగిన ఓడ పేరు వచ్చు ఓడలకు హెచ్చరిక యైనది. మన పిల్లలకు ఓడల ఘనతతోబాటు ఈ కథయు చెప్పవలెనని మేము తలంచుచున్నాము.