ఉన్ని పోయె, మాంసం వచ్చె

నడిగూడెం అనగానే చరిత్ర తెలిసినవాళ్ళకి కోట, మునగాల పరగణా గుర్తొస్తాయి. 1947కి ముందు చుట్టూ నిజాం ఇలాకా, మధ్యలో మద్రాసు ప్రెసిడెన్సీ వారి కృష్ణా జిల్లా ముక్క ఇది. ఆ రెండు ప్రాంతాల గొర్రెలు కూడా వేరేనండీ. దక్కన్ వైపు నల్ల ఉన్ని దక్కనీ, కోస్తా వైపు పొట్టి వెంట్రుకల నెల్లూరు.

దక్కనీకి ఉన్ని పెరుగుతూనే ఉంటుంది, ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. ఆ ముతక ఉన్నితోనే కురుమలు గొంగడి నేసేవారు, పడుగుకి చింతగింజల గంజి పెట్టి. వానకీ చలికీ అదే రక్ష. నెల్లూరు గొర్రెకి కత్తెరతో పనిలేదు, పైగా ఒళ్ళు పెద్దది.

మిల్లు దుప్పట్లొచ్చి ఉన్నికి గిరాకీ పడిపోయింది, మటన్ ధర పెరిగింది. కాపరులు నెల్లూరు పొట్టేళ్ళని మందలోకి తెచ్చారు. తరం తరానికీ ఉన్ని పల్చబడింది. తప్పు వాళ్ళదని నేననను. కొనేవాడు లేనప్పుడు కత్తిరింపు కూలి కూడా దండగే కదా! 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున పంచినప్పుడూ లెక్క మాంసానిదే.

మనం తీసేసిన కోడ్ పాత వెర్షన్‌లో దొరుకుతుంది. ఉన్నికి మాత్రం మిగిలిన దక్కనీ మందలే బ్యాకప్. గొంగడి మీద అభిమానం ఉంటే ఫోటో షేర్ చేయడం కాదు, ఒకటి కొనండి.