ద్రవమునకు, శూన్యమునకు పొత్తు కుదిరిన కథ

సుద్దముక్కపై సిరాచుక్క పెట్టి, దాని అడుగును నీటిలో నిలిపినచో, నీరు పైకి ప్రాకుచు సిరాలోని రంగులను వేరుచేయును. కొన్ని సిరాలు నీటికి కదలవు. వాటికి స్పిరిటు కావలెను. పనికి తగిన ద్రావణి ఏది? ఈ చిన్న ప్రశ్నయే గొప్ప శాస్త్రజ్ఞులను సైతము చాలకాలము చిక్కులలో పెట్టెను.

1903లో వార్సా నగరమున మిఖాయిల్ త్స్వెత్ అను రష్యను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని వెల్లడించెను. సుద్దపొడి వంటి పదార్థము కూరిన గాజు గొట్టముగుండ ఆకుపసరును, దాని వెనుక పెట్రోలియము ఈథరు వంటి ద్రవమును పోనిచ్చి, అతడు పచ్చని, పసుపుపచ్చని పట్టీలను విడదీసెను. దీనికి క్రొమాటోగ్రఫీ అని పేరు.

1919లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ మాస్ స్పెక్ట్రోగ్రాఫును నిర్మించెను. ఇది అయానులను తూచు త్రాసు వంటిది. అయానులకు గాలి అడ్డు తగులరాదు. కావున లోపల శూన్యముండవలెను.

మొదటిది పదార్థములను వేరుచేయును; రెండవది వాటిని గుర్తించును. రెండింటిని జోడించిన ఎంత మేలు! వాయు క్రొమాటోగ్రఫీతో ఈ జోడింపు 1950 దశకముననే కుదిరెను. కాని మాంసకృత్తులు, పెక్కు మందులు వేడిచేసిన ఆవిరికాక చెడిపోవును. వాటికి ద్రవమార్గమే శరణ్యము.

చిక్కంతయు అక్కడనే యున్నది. గొట్టమునుండి నిమిషమునకు ఒక మిల్లీలీటరు నీరు వచ్చుననుకొందము. అది ఆవిరియైనచో మామూలు పీడనముననే లీటరు దాటును. శూన్యములో లక్షల లీటర్లకు మించి వ్యాపించును. ఏ పంపు దానిని తోడగలదు? ఒక ఒరలో రెండు కత్తులు ఇముడునా?

1970 దశకమున కదలెడి పట్టీపై ద్రవమును ఆరబెట్టి, మిగిలిన పదార్థమును లోనికి పంపి చూచిరి. 1968లో మాల్కమ్ డోల్ చూపిన త్రోవను అనుసరించి, 1984లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున జాన్ ఫెన్ వేరొక ఉపాయము సాధించెను. ద్రవమును సన్నని సూదినుండి వేల వోల్టుల విద్యుత్తుతో శూన్యమునకు వెలుపలనే తుంపరగా చిమ్మిరి. బిందువులు ఆరి, చిట్లి, చివరకు అయానులు మిగిలెను. వాటిని మాత్రమే సూక్ష్మ రంధ్రముగుండ లోనికి లాగిరి. 1988 నాటికి మాంసకృత్తులను సైతము తూచిరి. ఫెన్ 2002లో నోబెల్ బహుమతి పంచుకొనెను.

యంత్రము మారినంతనే సరిపోలేదు, ద్రవమును మార్చవలసివచ్చెను. పూర్వము వాడుచుండిన ఫాస్ఫేటు లవణములు ఆవిరికావు. రంధ్రముల వద్ద పేరుకొని పూడ్చివేయును. కావున ఆవిరియైపోవు అమోనియం ఎసిటేటు, ఫార్మిక్ ఆమ్లము వచ్చినవి. ట్రైఫ్లోరో ఎసిటిక్ ఆమ్లము వేరుచేయుటలో మేటియే. కాని తూకములో అయానుల సంకేతమును అణచివేయును. త్స్వెత్ వాడిన పెట్రోలియము ఈథరు విద్యుత్తును మోయదు; ఒంటరిగా ఈ తుంపరకు పనికిరాదు. టెట్రాహైడ్రోఫ్యూరాను పీక్ అను ప్లాస్టిక్ గొట్టములనే ఉబ్బించును.

చివరకు నీటితో మెథనాలు గాని, ఎసిటోనైట్రైలు గాని కలిపి వాడుట పరిపాటియయ్యెను. ఎసిటోనైట్రైలు ప్లాస్టిక్ పరిశ్రమకు ఉపఫలము. 2008లో ఆ పరిశ్రమ మందగింపగా దానికి కరవు వచ్చెను. మెథనాలునకు మారుదమన్న, నీటితో కలిసినప్పుడు అది చిక్కనై పంపు పీడనమును పెంచును. పదార్థములు వెలువడు వేళయు మారును. మందుల శుద్ధతను పరీక్షించు పద్ధతులను మరల సరిచూచుకొనవలసి వచ్చెను. ద్రావణి తప్పినచో ఫలితము తప్పును. మందు విషయమున ఆ తప్పును మోయవలసినవాడు రోగియే.

ఉపాధ్యాయులు తరగతిలో ఒకే సిరాను నీటితోను, స్పిరిటుతోను పరీక్షించి చూపవచ్చును. ద్రావణి కేవలము వాహనము కాదనియు, పరికరములో అదియు ఒక భాగమేననియు విద్యార్థులు కన్నులారా గ్రహింతురు.