రక్తము పుట్టు చోటు, పెరుగు తీరు

మానవశరీరమునందు రక్తమెచ్చట పుట్టుచున్నదను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. అన్నరసము యకృత్ప్లీహములను చేరి రంజకపిత్తముచే ఎఱ్ఱబాఱునని సుశ్రుతసంహిత చెప్పగా, యవనవైద్యుడు గాలెను సయితము కాలేయమునకే ఆ గౌరవము నొసంగెను. 17వ శతాబ్దమున సూక్ష్మదర్శినిలో ఎఱ్ఱకణములు కానవచ్చిన పిదప సయితము వాని పుట్టిల్లు రెండువందల యేండ్లు మఱుగుననే యుండెను. 1868లో క్యోనిగ్స్‌బర్గున ఎర్నెస్ట్ నాయ్‌మన్ ఎముకలను నొక్కి మజ్జారసమును తీసి, అందు కేంద్రకముగల ఎఱ్ఱకణములను చూచి, అవి యింకను పక్వము కాని కణములనియు, రక్తకణములు మజ్జయందే పుట్టుచున్నవనియు గ్రహించెను. అదే యేట ఇటలీలో జూలియో బిజ్జొజెరో స్వతంత్రముగా అదే నిర్ణయమునకు వచ్చెను.

అయినను పూర్వుల మాట కేవలము త్రోసివేయదగినది కాదు. గర్భస్థ శిశువునందు రక్తకణములు మొదట పచ్చసొన సంచిలోను, పిదప కాలేయములోను పుట్టి, పురిటినాటికి ఆ భారము మజ్జకు సంక్రమించును. పెద్దలైన పిమ్మట ప్రధానముగా వెన్నుపూసలు, ఱొమ్ముటెముక, ప్రక్కటెముకలు, కటివలయము దానిని వహించును. ఎఱ్ఱకణము ఆయువు సుమారు 120 దినములు. నశించిన వాని లోటు తీర్చుటకై సెకనుకు 20 లక్షలకు తక్కువ కాకుండ క్రొత్తకణములు పుట్టుచుండును.

ఇన్ని కణములకు మూలకణమొకటి యుండవలెనని 1909లో శాస్త్రజ్ఞుడు మాక్సిమోవ్ ప్రతిపాదించెను. 1961లో టొరంటోయందు టిల్, మెకలకులు వికిరణముచే మజ్జ నశించిన ఎలుకలకు అన్య మూషికముల మజ్జకణములు ఎక్కించగా, ప్లీహముపై చిన్న బుడిపెలు లేచెను; ఒక్కొక్క బుడిపె యొక్కొక్క కణపు సంతానమని తరువాత స్థిరపడెను.

మూలకణ మొక్కటి యున్నంత మాత్రమున కార్యము సాగదు. దానికి సామగ్రి కావలెను. 1931లో వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయి మిల్లుల గర్భిణులలో కనబడు రక్తహీనత యీస్టుసారముచే మానుటను ప్రకటించెను. ఆ సారమునందలి ఫోలిక్ ఆమ్లమును 1945లో లెడర్లీ ప్రయోగశాలయందు కృత్రిమముగా సృష్టించిన బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ ఆమ్లము కొఱతవడినచో డీఎన్ఏ నిర్మాణము కుంటువడి, మజ్జలోని కణములు విభజింపజాలక ఉబ్బిపోవును. స్ప్రూ యను ప్రేగుల వ్యాధిచే తన సోదరు లిరువురిని పోగొట్టుకొనిన సుబ్బారావునకు, ఆ వ్యాధివలని రక్తహీనతకు మందు తన ప్రయోగశాలనుండియే వెలువడు భాగ్యము దక్కెను. ఆ బృందమే సిద్ధముచేసిన ఫోలిక్ ఆమ్ల ప్రతికూల పదార్థముతో వైద్యుడు సిడ్నీ ఫార్బరు 1948లో ల్యుకేమియా యను రక్తపు క్యాన్సరును తాత్కాలికముగా నణచిన వృత్తాంతమును ప్రకటించెను. కణములను పెంచు వస్తువును అడ్డగించినచో మితిమీరిన పెంపు ఆగునని అప్పుడు తెలిసెను.

మజ్జకు మేలుచేయు వస్తువులున్నట్లే కీడుచేయునవియు కలవు. ఈ శాస్త్రమునకు రెండవ ముఖమగు ఈ విషయము కువైట్ తీరమునందలి షుఐబావంటి చోట ప్రత్యక్షమగును. అచ్చట 1968లో పనికి దిగి 2017లో మూతవడిన చమురుశుద్ధి కర్మాగారము, దాని చుట్టునున్న పరిశ్రమలు, గోదావరి, రాయలసీమలనుండి వలసవచ్చిన తెలుగువారికి పరిచితములు. చమురు వెంట వచ్చు బెంజీను ఆవిరి దీర్ఘకాలము పీల్చినచో మజ్జ ఎండిపోవుటయు, కొందఱికి ల్యుకేమియా కలుగుటయు కద్దు. 1897లోనే స్వీడనులో సైకిలు టైర్ల కర్మాగారపు పనివారలయందు సాంటెస్సన్ ఈ మజ్జాక్షయమును గుర్తించెను. తెల్లకణముల సంఖ్య తగ్గుట, పైకి జబ్బు కనబడకముందే రక్తపరీక్షలో తెలియవచ్చును గనుక, అట్టి చోట పనిచేయువారికి నియతకాలమున రక్తకణములను లెక్కించుట ఆచారమైనది. రక్తము పుట్టు చోటును వెదకిన శాస్త్రము, ఆ చోటికి ఏది చేరవలెనో, ఏది చేరరాదో నిర్ణయించు బాధ్యతను గూడ వహించినది. ఆ రెండవ పనిలో వైద్యునితోపాటు కర్మాగారపు యజమానికిని భాగము కలదు.