ఆ బొమ్మే వాళ్ల పట్టా

1997లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రేట్ శాండీ ఎడారిలో దాదాపు 40 మంది ఆదివాసీ చిత్రకారులు 8 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవున్న కాన్వాసును నేల మీద పరిచి రంగులు వేశారు. ఎవరి నీటిగుంట ఎక్కడ వస్తుందో అక్కడ వాళ్లే కూర్చుని గీశారు. ఆ ఎడారి తమదని భూమి హక్కుల ట్రిబ్యునల్ ముందు చూపడానికి వాళ్లు ఎంచుకున్న సాక్ష్యం అది. విచారణలో ఒక్కొక్కరూ ఆ కాన్వాసు మీదికి నడిచి వెళ్లి, తమ గుంట దగ్గర నిలబడి, తమ భాషలోనే మాట్లాడారు. దాని పేరు 'నుర్రార'. అంటే సొంత చోటు.

బొమ్మ సాక్ష్యం ఎలా అవుతుంది?

మధ్య ఎడారి భాషల్లో 'జుకుర్‌పా' అనే మాట ఉంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'కలగనడం' అని అనువదించి తేలిక చేసేశారు. పూర్వీకులు నేల మీద నడుస్తూ కొండల్నీ గుంటల్నీ సృష్టించడం, వాళ్లు నడిచిన దారి, వాళ్లు పెట్టిపోయిన కట్టుబాట్లు అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. ఆ దారులు కొన్ని ఆకాశం దాకా పోతాయి. మనం కృత్తికలు అనే చుక్కల గుంపు అక్కడ ఏడుగురు అక్కచెల్లెళ్లు. న్యిరు అనే మాయగాడు వెంటపడితే ఎడారుల మీదుగా పరుగెత్తి పరుగెత్తి పైకెగిరిపోయారు. వాళ్లు ఆగిన చోటల్లా ఒక గుంటో, గుహో, బండో మిగిలింది. కథ వరసగా తెలిసినవాడికి నీళ్లెక్కడ దొరుకుతాయో కూడా తెలుస్తుంది. బొమ్మలో ఒకదానిలో ఒకటిగా గీసిన వలయాలు తరచుగా నీటిగుంటో విడిదో అవుతాయి. గుర్రపునాడా లాంటి గీత కూర్చున్న మనిషి.

అయితే ఏ కథనైనా ఎవరుపడితే వాళ్లు గీయడానికి లేదు. మధ్య ఎడారిలోని వార్ల్‌పిరి జనంలో తండ్రి వైపు నుంచి ఆ కథ నడిచిన నేల సంక్రమించినవాళ్లు 'కిర్దా', హక్కుదారులు. ఆ ఇంటి ఆడపడుచుల పిల్లలు 'కుర్దుంగుర్లు'. గీత తప్పకుండా చూసే బాధ్యత వీళ్లది. అంటే బొమ్మ గీయగలగడమే ఆ నేలతో చుట్టరికానికి రుజువు.

ఈ గీతలు ఇసుక మీద, ఒంటి మీద, రాతి మీద వేల ఏళ్లుగా ఉన్నవే. అమ్మకానికి వచ్చింది మాత్రం నిన్నమొన్న. ఆలిస్ స్ప్రింగ్స్‌కు 240 కిలోమీటర్ల దూరంలో, ప్రభుత్వం రకరకాల తెగల్ని తెచ్చి ఒకచోట కుదేసిన ఊరు పపున్యా. 1971లో జెఫ్రీ బార్డన్ అనే బడిపంతులు అక్కడి పెద్దల్ని బడిగోడ మీద బొమ్మ వేయమన్నాడు. వాళ్లు తేనెచీమ కథ ఎత్తుకున్నారు. మొదట వేసిన చీమలు తెల్లవాళ్ల పుస్తకాల్లో చీమల్లా ఉన్నాయి. మీ చీమ ఇలాగే ఉంటుందా అని పంతులు అడిగాక వాటిని చెరిపి తమ పద్ధతిలో గీశారు. తర్వాత ఆ గోడకు అధికారులు సున్నం కొట్టించారు. కానీ అప్పటికే పెద్దలు దొరికిన చెక్కముక్కల మీద గీయడం మొదలుపెట్టేశారు. 1972లో పపున్యా తూలా పేరుతో సొంత సంస్థ పెట్టుకున్నారు.

చిక్కు కూడా వెంటనే వచ్చింది. దీక్ష పొందినవాళ్లే చూడాల్సిన గుర్తులు ఊరూరా తిరుగుతున్నాయని ఇతర తెగలు కోప్పడ్డాయి. దాంతో అలాంటి గుర్తులు తగ్గాయి, చుక్కలు దట్టమయ్యాయి. కొనేవాళ్లు మెచ్చుకున్న ఆ చుక్కల్లో కొన్ని దాచడానికి పెట్టినవే!

పపున్యా చిత్రకారుడు క్లిఫర్డ్ పాసమ్ 1977లో 'వర్లుగులాంగ్' గీశాడు. కంగారూ మాంసం తండ్రికి పెట్టకుండా తిన్న కొడుకుల్ని నీలినాలుక బల్లి అయిన ఆ తండ్రి కార్చిచ్చు పెట్టి శిక్షించిన చోటు అది. 1,200 డాలర్లకు కొన్న బ్యాంకు దాన్ని తన శిక్షణ కేంద్రం క్యాంటీన్ గోడకు తగిలించింది. చిత్రకారుడు 2002లో చనిపోయాడు. 2007 జులైలో అదే బొమ్మ వేలంలో 24 లక్షల డాలర్లు పలికింది. బొమ్మను తిరిగి అమ్మినప్పుడు గీసినవాళ్లకో వారసులకో 5 శాతం ఇవ్వాలన్న చట్టం 2010లో గానీ అమల్లోకి రాలేదు.

2007లోనే, నవంబరులో, ఆ కాన్వాసు గీసిన నుర్రార జనానికి గ్రేట్ శాండీ ఎడారిలో 70 వేల చదరపు కిలోమీటర్లకు పైగా నేల మీద హక్కును కోర్టు గుర్తించింది.