పల్లె రైలు నమూనాలో చరిత్ర

శాసనం, దస్తావేజు, నాణెం, శిథిల కట్టడం - చరిత్రకారుడు సాధారణంగా ఆశ్రయించే ఆధారాలు ఇవి. కనుమరుగైన ఒక పల్లె రైలుమార్గాన్ని బల్ల మీద పట్టేంత నమూనాగా మలచడాన్ని చరిత్ర రచనగా పరిగణించే అలవాటు మనకు లేదు. అది పిల్లల ఆటగానో, తీరిక గలవారి వ్యాపకంగానో కనిపిస్తుంది. కాని కొలతకు కట్టుబడి నమూనా నిర్మించే వ్యక్తి అడుగడుగునా చరిత్రకారుడి ప్రశ్నలనే ఎదుర్కొంటాడు. పైగా, వాక్యంలో దాటవేయగలిగిన దానిని అతడు దాటవేయలేడు.

నమూనా రైలు ఆటవస్తువుగానే ప్రసిద్ధి పొందిందన్న మాట నిజం. 1891లో జర్మనీలోని లైప్‌జిగ్ సంతలో మెర్క్లిన్ సంస్థ నిర్ణీత కొలతల పట్టాలతో బొమ్మ రైళ్ళను ప్రదర్శించింది. తరువాతి దశాబ్దాలలో ఔత్సాహికుల దృష్టి ప్రధానంగా ఇంజను మీదనే నిలిచింది. చుట్టూ ఉండే పొలం, వాగు, ఇల్లు కేవలం అలంకారాలు. ఈ దృష్టిని మార్చిన వారిలో ఇంగ్లండుకు చెందిన జాన్ అహెర్న్ ప్రముఖుడు. 1930ల చివర ఆయన ప్రారంభించిన 'మ్యాడర్ వ్యాలీ' ఒక కల్పిత గ్రామీణ రైలుమార్గం. అందులో రైలు ఆ ఊళ్ళలో ఒక భాగమే తప్ప ఊళ్ళు రైలుకు అలంకారం కావు.

ఈ కళకు చారిత్రక ప్రయోజనాన్ని స్పష్టంగా నిర్దేశించినవాడు రాయ్ ఇంగ్లండ్. ఆస్ట్రేలియా నుంచి 1925లో ఇంగ్లండు చేరిన ఈ యువకుడు వైట్ హార్స్ లోయలోని పల్లెలను చూసి ముగ్ధుడయ్యాడు. గడ్డి కప్పుల ఇళ్ళు తన కళ్ళ ముందే ఒక్కొక్కటిగా మాయమవుతుండగా, మిగిలిన వాటిని నమూనాలుగానైనా నిలపాలని సంకల్పించాడు. 1954లో లాంగ్ విట్టెన్‌హామ్ గ్రామంలో ఆయన స్థాపించిన పెండన్ ప్రదర్శనశాలలో రెండు ప్రపంచ యుద్ధాల నడుమ కాలపు పల్లె, అసలులో 76వ వంతు ప్రమాణంలో కనిపిస్తుంది. అహెర్న్ నిర్మించిన మ్యాడర్ వ్యాలీ కూడా అక్కడే భద్రంగా ఉంది.

మన దేశంలోనూ ఇటువంటి కృషికి తగిన రైలుమార్గాలకు కొదవ లేదు. 1992లో ఆరంభమైన ఏక గేజి పథకం వల్ల ప్రయాణ సౌకర్యం, సరకుల రవాణా నిస్సందేహంగా మెరుగుపడ్డాయి. కాని ఆ క్రమంలో అనేక చిన్న మార్గాల రూపురేఖలు చెరిగిపోయాయి. శ్రీకాకుళం ప్రాంతం వారికి పరిచితమైన నౌపడ - పర్లాకిమిడి న్యారోగేజి మార్గం అందుకు ఉదాహరణ. పర్లాకిమిడి మహారాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ చొరవతో 1900లో ప్రారంభమైన ఈ మార్గం పొడవు సుమారు 40 కిలోమీటర్లు, పట్టాల నడుమ దూరం 762 మిల్లీమీటర్లు. 1931 నాటికి అది గుణుపురం వరకు విస్తరించి 90 కిలోమీటర్లయింది. గేజి మార్పిడి కోసం 2004లో చిన్న బండి ఆగిపోగా, 2011లో గుణుపురం దాకా బ్రాడ్‌గేజి బండి నడిచింది.

ఈ మార్గాన్ని నమూనాగా కట్టదలచిన వారికి మొదట ఎదురయ్యేది ప్రమాణ సమస్య. 87వ వంతు ప్రమాణంలో 762 మిల్లీమీటర్లు 9 మిల్లీమీటర్లకు కొద్దిగా తగ్గుతుంది. కనుక అంగడిలో దొరికే 9 మిల్లీమీటర్ల పట్టాలు దాదాపుగా సరిపోతాయి. అయితే 40 కిలోమీటర్ల మార్గానికి అదే ప్రమాణంలో 460 మీటర్ల బల్ల కావాలి! 120 సెంటీమీటర్ల బల్ల మీద పట్టేది అసలు నేలలో సుమారు 104 మీటర్లు మాత్రమే. అంటే ఒక చిన్న స్టేషను, ఒక పక్కదారి పట్టా, నాలుగు ఇళ్ళు. పదిహేను మీటర్ల తాడిచెట్టు పదిహేడు సెంటీమీటర్లవుతుంది, మనిషి రెండు సెంటీమీటర్లకు లోపే ఉంటాడు. దేనిని ఉంచాలి, దేనిని విడిచిపెట్టాలి అన్న ఎంపిక ఇక్కడ అనివార్యం. చరిత్ర రచనలోనూ జరిగేది ఇదే.

రెండవది కాలనిర్ణయం. స్టేషను నామఫలకం మీద అక్షరాలు రాయబోయే సరికి 'ఏ సంవత్సరం?' అన్న ప్రశ్న తప్పదు. 1900లో పర్లాకిమిడి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పట్టణం ఆ రాష్ట్రంలో చేరింది. మహేంద్రతనయ నదికి ఇవతలనున్న పాతపట్నం తెలుగు ప్రాంతంలోనే నిలిచింది. తొలి బండి వచ్చేనాటికి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, సవర భాషను అధ్యయనం చేస్తున్న గిడుగు రామమూర్తి ఆ 1936లోనే ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఒకే మార్గం మీద పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళ చరిత్ర ఆ ఫలకాల మీది లిపులలో నిక్షిప్తమై ఉంటుంది. అందుచేత 1930 నాటి ఫలకం, 1950 నాటి ఇంజను, 1990 నాటి దుస్తులు ఒకే బల్ల మీద కలిస్తే అది చూడముచ్చటగా ఉండవచ్చునేమో గాని చరిత్ర మాత్రం కాదు.

మూడవది బండ్ల నిర్మాణం. ఈ మార్గం మీద పనిచేసిన 'పి.ఎల్.' తరగతి ఆవిరి ఇంజనుకు ఆరు చోదక చక్రాలు, వాటి వెనుక నాలుగు చిన్న చక్రాలు. నమూనాలో పలుచని ఇత్తడి రేకును కోసి, మడిచి, టంకం వేసి, చిన్న మోటారును లోపల ఇమడ్చాలి. పెట్టెలను అట్టతోగాని ప్లాస్టిక్ పలకతోగాని చేయవచ్చు. రెండు మీటర్ల పది సెంటీమీటర్ల వెడల్పు గల పెట్టె 24 మిల్లీమీటర్లవుతుంది. అంత తేలికైన పెట్టె వంపులో పట్టా తప్పకుండా అడుగున సీసపు ముక్క అమర్చాలి. ఇదంతా చేతిపని. అసలు కష్టం దానికి ముందున్నది. పెట్టె కిటికీకి అద్దమా, చెక్క రెక్కలా? రంగు ఏది? నౌపడ ఉప్పుమడుల సరకు ఈ బండి ఎక్కిందా, ఎక్కితే మూసిన పెట్టెలోనా, తెరచిన పెట్టెలోనా? వ్యాసకర్త 'సరకులు రవాణా అయ్యేవి' అని ఒక్క మాటతో ముందుకు సాగిపోగలడు. నమూనాకారుడు జవాబు దొరికేదాకా చేయి కదపలేడు.

ఈ జవాబులలో కొన్ని రైల్వే దస్త్రాలలో, పటాలలో, ఛాయాచిత్రాలలో లభిస్తాయి. 1977లో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియం వంటి సంస్థలు ఇంజన్లను, పెట్టెలను సంరక్షిస్తున్నాయి. కాని ఇంజను ఒంటరిగా నిలిచినచోట దాని ఊరు ఉండదు. గేటు పక్కన చెట్టు, టికెట్టు కిటికీ ఎత్తు, సంతనాడు గంపలు దించే చోటు - ఇవి ఎవరూ దస్త్రానికి ఎక్కించని సంగతులు. వాటిని ఎరిగినవారు ఆ బండిని నడిపినవారు, మరమ్మతు చేసినవారు, అందులో బడికి, సంతకు వెళ్ళినవారు. 2004లో ముప్పై ఏళ్ళ వయసున్న ఉద్యోగి నేడు యాభై దాటాడు. ఆవిరి ఇంజను బొగ్గు ఎరిగిన తరం అంతకంటె పెద్దది.

కనుక ఆ మార్గం పొడవునా ఉన్న పాఠశాలలు, కళాశాలలు, గ్రంథాలయాలు ఒక్కొక్క స్టేషనును దత్తత తీసుకొని, మిగిలిన కట్టడాలను కొలిచి, పెద్దలను విచారించి, ఒక్కొక్క బల్ల చొప్పున నమూనాలు చేయిస్తే మేలు. పెద్ద నిధులు అక్కరలేదు. అట్ట, కర్ర, ఇత్తడి రేకు, ఓర్పు చాలు. పూర్తయిన నమూనాను చూసి ఒక వృద్ధుడు 'నీళ్ళ తొట్టి అటు కాదు, ఇటు ఉండేది' అని సరిదిద్దితే ఆ దిద్దుబాటును తేదీతో సహా నమోదు చేయాలి. ఏ దస్త్రమూ ఇవ్వలేని ఆ సాక్ష్యం కోసమైనా ఈ పని ఆలస్యం లేకుండా ఆరంభం కావలసి ఉంది.